తూర్పు కనుమల్లో హెలికాప్టర్ సర్వేకి వీటెమ్ మంచిదా, స్కైటెమ్ మంచిదా?

రెండూ హెలికాప్టర్ కింద వేలాడే పెద్ద తీగచుట్టతో భూమిలోకి విద్యుదయస్కాంత పల్సులు పంపి, తిరిగొచ్చే సిగ్నల్‌తో కింద ఏముందో పసిగట్టే పరికరాలు. విశాఖలో ఉంటూ చాలా ఏళ్లు ఈ సర్వేల వెనకే తిరిగాను. నా మాట సూటిగా ఇదీ: లోతున సల్ఫైడ్ ఖనిజం (రాగి, ఇనుము లాంటి లోహాలు గంధకంతో కలిసినది) వెతకాలంటే వీటెమ్, నీటి పొరలు కావాలంటే స్కైటెమ్. స్కైటెమ్ తక్కువ కరెంటుతో ఒకసారి, ఎక్కువ కరెంటుతో ఒకసారి కొలుస్తుంది కాబట్టి పైపొరలు కూడా విడివిడిగా తెలుస్తాయి. హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్జీఆర్ఐ వాళ్లు భూగర్భ జలాల మ్యాపింగుకి వాడింది అదే. టెంపెస్ట్ అని ఇలాంటిదే ఇంకోటి ఉంది, అది విమానం మీద పోతుంది. మైదానాలకి బాగుంటుంది కానీ అనంతగిరి ఘాట్‌లో విమానం కొండ వాలుకి దగ్గరగా ఎగరలేదు.

అయితే ఇక్కడ అసలు చిక్కు గ్రాఫైట్. అది కూడా సల్ఫైడ్ లాగే కరెంటు బాగా పారనిస్తుంది. ఒకసారి విజయనగరం వైపు బ్లాకులో ఒకచోట, ట్రాన్స్‌మిటర్ కరెంటు ఆపాక కూడా సిగ్నల్ చాలాసేపు నిలిచింది. అంటే కింద కరెంటు బాగా పారే రాయి ఉన్నట్టే. ఆఫీసులో అందరూ రాగి అనేశారు. ముందు గ్రావిటీ కొలుద్దాం, కింది రాయి ఎంత బరువైందో తెలుస్తుంది అని బతిమాలాను. టైమ్ లేదని డ్రిల్లింగ్ రిగ్ దింపేశారు. మూడో రోజు కోర్ (బోరులోంచి వచ్చే రాతి కడ్డీ) బయటికి తీసిన డ్రిల్లర్ అరచేతులు చూపించాడు, నల్లగా నిగనిగలాడుతున్నాయి. "సార్, ఇది పెన్సిల్ ముల్లు కదా" అన్నాడు. ఖోండలైట్ అనే మన కొండల రాతిలో గ్రాఫైట్ పట్టీ! గ్రాఫైట్ సాంద్రత 2.2 దగ్గర ఉంటుంది, రాగి, ఇనుము సల్ఫైడ్‌లది 4 దాటుతుంది. గ్రావిటీ మీటరు పట్టుకుని రెండు రోజులు నడిస్తే అనుమానం అక్కడే తీరేది. ఆ బోరు డబ్బులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

కరెంటు లైన్ల సంగతి కూడా ఎవరూ చెప్పరు. మన సప్లై 50 హెర్ట్జ్ కాబట్టి సర్వే పల్సులు 25 హెర్ట్జ్‌లో పంపుతారు, సగటు తీస్తే ఆ రొద చాలావరకు పోతుంది. కానీ ఎర్తింగ్ ఉన్న లైనే ఒక పెద్ద వాహకం, సరఫరా లేకపోయినా దొంగ సిగ్నల్ ఇస్తుంది. అది సగటుతో పోదు. భీమిలి వైపు తీరంలో ఉప్పునీరైతే సిగ్నల్‌ని లోతుకి పోనీకుండా మింగేస్తుంది. బ్రోషర్‌లో లోతు అంకెలు చూసి టెండర్ రాసేవాళ్లకి ఇవేవీ పట్టవు!

ఏ కంపెనీని పిలిచినా రంగుల మ్యాపులతో సరిపెట్టుకోవద్దు. హెలికాప్టర్ ఎగిరిన ప్రతి లైనుకీ డికే డేటా (కరెంటు ఆపాక సిగ్నల్ ఎలా తగ్గుతూ పోయిందో చూపే అంకెలు) ఇవ్వాలని ఒప్పందంలోనే రాయించుకోండి.