మసక చుక్కల్ని ఎందుకు వదిలేస్తారు?

ప్రశ్న: సార్, యూరప్ వాళ్ల లోఫార్ రేడియో టెలిస్కోప్ తీసిన, ఇలైస్ ఎన్1 అనే ఆకాశపు ముక్క మ్యాప్ జూమ్ చేసి చూశాను, చుక్కలే చుక్కలు. కానీ వాటిలో చాలా కేటలాగ్‌లో లేవు. చుక్క వెలుగు నాయిస్‌కి, అంటే మ్యాప్ అంతటా ఉండే ఉత్త గరగరకి, 5 రెట్లు ఉంటేనే రాస్తారంట. మసగ్గా ఉన్నంత మాత్రాన గెలాక్సీ కాకుండా పోతుందా? ఇది అన్యాయం కాదా?
- డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

జవాబు: బాధ నాకు అర్థమైందమ్మా, వదిలేసినవాటిలో నిజం గెలాక్సీలు వేలల్లో ఉంటాయి, అందులో డౌటే లేదు. కాకపోతే ఏది నిజమో చుక్కని చూసి చెప్పలేం, చిక్కంతా అక్కడే.

ఒక్కసారి లెక్కేద్దాం. ఆ మ్యాప్ డ్రాకో అనే నక్షత్రరాశి వైపు 68 చదరపు డిగ్రీలు, అంటే నిండు చందమామలు 340 దాకా పరిచినంత జాగా. టెలిస్కోప్ విడిగా పట్టగలిగే చూపు 6 ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకన్) కాబట్టి ఆ జాగాలో 2 కోట్లకు పైగా గడులు వస్తాయి. నాయిస్‌కి 3 రెట్లు దాటినవన్నీ రాసేస్తే, ఆకాశంలో ఏమీ లేకపోయినా ఉత్త నాయిసే 29 వేల దొంగ చుక్కలు పుట్టిస్తుంది. అదే 5 రెట్లు అంటే అర డజను. 164 గంటలు చూసి 84 వేల పైచిలుకు సోర్సులు (రేడియో తరంగాలు పంపే వస్తువులు) రాశారు, అందులో అర డజను తప్పైనా పర్లేదు, 29 వేలైతే ఆ కేటలాగ్‌ని నమ్మేదెవరు?

ఇది ఊరికే భయం కాదు. 1955లో కేంబ్రిడ్జ్ వాళ్లు 2సీ అని 1936 సోర్సుల జాబితా వేశారు, సిడ్నీలో మిల్స్, స్లీ తమ టెలిస్కోప్‌తో సరిచూస్తే చాలావరకు కలవలేదు. అక్కడ తప్పు నాయిస్‌ది కాదు, చూపు మొద్దుగా ఉండి పక్కపక్కనున్న నాలుగైదు మసక సోర్సులు కలిసిపోయి ఒక్కటిగా కనపడ్డాయి. అందుకే డిష్‌లు దూరందూరంగా పెడతారు, మన పుణె దగ్గర ఖోడద్‌లో జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోప్ 45 మీటర్ల డిష్‌లు 30, ఏకంగా 25 కిలోమీటర్ల మేర పరిచింది ఆ చూపు కోసమే.

ఇక వదిలేసినవి వృథా పోవు. మామూలు టెలిస్కోపుల్లో కనపడే గెలాక్సీలు ఎక్కడున్నాయో ముందే తెలుసు కదా, రేడియో మ్యాప్‌లో సరిగ్గా ఆ చోట్లు వేలకొద్దీ కత్తిరించి ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తారు, దీన్ని స్టాకింగ్ అంటారు. ఒక్కోటి విడిగా కనపడదు, కానీ నాయిస్ కొట్టుకుపోయి మధ్యలో చుక్క పైకి తేలుతుంది. నాకైతే ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

మ్యాప్ మీ దగ్గరే ఉంది కాబట్టి ఒక పని చేయండి. మొత్తాన్ని మైనస్ 1తో గుణించి, సోర్సులు పట్టే సాఫ్ట్‌వేర్‌తో అందులో వెతకండి. నెగటివ్ గెలాక్సీలంటూ ఉండవు, కాబట్టి దొరికినవన్నీ దొంగలే. బాగా వెలిగే సోర్సుల చుట్టూ రింగులు రింగులుగా ఎన్ని గుమిగూడతాయో లెక్కపెట్టి మాకు రాయండి.