హోల్డ్‌లో పేరుకుపోయిన ల్యాబ్ ఆర్డర్లన్నిటినీ ఒకేసారి రద్దు చేయవచ్చా?

కొత్త ఎలక్ట్రానిక్ ఆర్డరింగ్ విధానం వచ్చిన కొన్ని నెలలకే హోల్డ్‌లో, అంటే ల్యాబ్‌కు పంపకుండా తాత్కాలికంగా ఆపి ఉంచిన స్థితిలో ఉన్న ల్యాబ్ పరీక్షల ఆర్డర్లు వందల్లో పేరుకుపోయాయనీ, 30 రోజులు దాటినవాటిని సిస్టమే రద్దు చేసేలా అమర్చితే సరిపోతుందా అనీ, హోల్డ్ తీసి రిలీజ్ చేసే అధికారం నర్సులకు ఇవ్వవచ్చా అనీ మీరు అడిగారు. మొదటి పని చేయవద్దు. రెండవది చేయవచ్చు, అయితే అన్ని రకాల హోల్డ్‌లకూ కాదు. నేను కొన్నేళ్ళు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి, తరువాత అదే ఆసుపత్రిలో ఆర్డరింగ్ సాఫ్ట్‌వేర్ చూసుకునే బాధ్యతకు మారాను. మీరు ఆలోచిస్తున్న ఆ మూకుమ్మడి రద్దును మేము ఒకసారి చేసి చూశాము కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఒక సెలవు రోజున, 30 రోజులు దాటిన హోల్డ్ ఆర్డర్లన్నీ రద్దయ్యేలా ఒక స్క్రిప్టు నడిపాము. జాబితా ఖాళీ అయింది, అందరమూ సంతోషించాము. ఆ తరువాతి వారం నుంచి ఒక్కొక్కరుగా రోగులు వచ్చి ఈ తేదీకి రక్తపరీక్షకు రమ్మన్నారని చెప్పడం, మీ పేరు మీద పరీక్షేమీ లేదని కౌంటరులోని వారు తిప్పి పంపడం మొదలైంది. థైరాయిడ్ మందు మోతాదు మార్చాక టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్షను సాధారణంగా 6 నుంచి 8 వారాలు ఆగి చేయిస్తారు. ఎర్ర రక్తకణాల ఆయుర్దాయం సుమారు 120 రోజులు కనుక, చికిత్స మార్చిన ఫలితం హెచ్‌బీఏ1సీలో (మధుమేహ రోగులకు కొన్ని నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష) పూర్తిగా కనిపించడానికి దాదాపు 3 నెలలు పడుతుంది. ఇటువంటి పరీక్షలను మా డాక్టర్లు ముందే రాసి, అప్పటిదాకా ల్యాబ్‌కు వెళ్ళకుండా హోల్డ్‌లో ఉంచారు. అంటే మా 30 రోజుల నియమం పనికిరాని ఆర్డర్లతో పాటు, సరిగ్గా తమ వేళ కోసం ఎదురుచూస్తున్న ఆర్డర్లను కూడా తుడిచిపెట్టింది. ఒక ఆర్డరు ఎంత పాతదో చూసి అది అక్కరలేనిదని తేల్చడం కుదరదని అప్పుడు అర్థమైంది. అది ఎందుకు ఆగిందో తెలిస్తేనే తేలుతుంది.

అయితే ఆ 'ఎందుకు' మా సిస్టమ్‌లో ఎక్కడా నమోదు కాలేదు. హోల్డ్ అన్న ఒక్క మాట కింద ఆరేడు వేర్వేరు పరిస్థితులు దాక్కుని ఉన్నాయి. కొన్ని తేదీ కోసం ఆగినవి, కొన్ని బీమా అనుమతి కోసమో డబ్బు కట్టడం కోసమో ఆగినవి, కొన్ని శస్త్రచికిత్సకు అడ్మిషన్ అయ్యేదాకా ఆపినవి, మరికొన్ని జూనియర్ డాక్టరు రాసి పెద్ద డాక్టరు సంతకం పెట్టనివి, ఇంకొన్ని రియేజెంటు (పరీక్షకు వాడే రసాయనం) అయిపోయిందని ల్యాబ్‌వారే ఆపమన్నవి. వీటిలో తేదీ కోసం ఆగినవి అసలు హోల్డే కావు. భవిష్యత్ తేదీతో పెట్టవలసిన ఆర్డర్లు. ఆ సౌకర్యం మా సిస్టమ్‌లో మొదటినుంచీ ఉన్నా, రెండు క్లిక్‌లు ఎక్కువని ఎవరూ వాడలేదు. వాటిని ఆ రూపంలోకి మార్చగానే జాబితాలో పెద్ద భాగం తగ్గింది. 'జ్వరం వస్తే బ్లడ్ కల్చర్ (రక్తంలో సూక్ష్మజీవులున్నాయేమో చూసే పరీక్ష)' వంటి షరతుల ఆర్డర్లను హోల్డ్‌లో పెట్టడాన్ని పూర్తిగా మాన్పించాము. అది నర్సుకు రాసే సూచన; జ్వరం వచ్చినప్పుడు కొత్త ఆర్డరు పెట్టుకోవచ్చు. మిగిలినవాటికి, కారణం ఎంచుకోకుండా హోల్డ్ బటన్ పనిచేయకుండా చేశాము. కారణాల జాబితాలో 'ఇతరములు' అనే వరుసను మాత్రం పెట్టకండి, పెడితే అందరూ దాన్నే ఎంచుకుంటారు.

హోల్డ్ పెట్టడం కంటే తీయడమే ప్రమాదకరమన్నది నా అనుభవం. అడ్మిషన్ కోసం ఆపిన ఆర్డర్ల గుంపును వార్డులో ఒకేసారి రిలీజ్ చేస్తారు. అదే రోగికి రెండు గంటల ముందే అత్యవసర విభాగంలో సీబీసీ (రక్తకణాల లెక్క), క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు) పరీక్షలు అయిపోయి ఉంటాయి. ఒకే పరీక్ష రెండుసార్లు రాస్తే హెచ్చరించే ఏర్పాటు ఉంది కదా అనుకుంటాము. మా సిస్టమ్‌లో ఆ తనిఖీ ఆర్డరు రాసేటప్పుడు జరిగేదే తప్ప రిలీజ్ చేసేటప్పుడు జరిగేది కాదు. రోజూ చేసే పరీక్షల విషయం మరీ విచిత్రం. ఒక రోగికి రోజువారీ ఎలక్ట్రోలైట్స్ (సోడియం, పొటాషియం వంటి లవణాలు) ఆర్డరును 4 రోజులు హోల్డ్‌లో ఉంచి తీస్తే, గడిచిపోయిన 4 రోజుల లేబుళ్ళూ ఆ రోజు లేబులుతో కలిసి ఒకేసారి ప్రింటయ్యాయి. ఆ నర్సు అనుమానించి ఫోన్ చేసింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఒకే పూట ఐదు ట్యూబుల రక్తం తీసి ఉండేవారు. దీనికి విరుద్ధంగా, ఒక్కసారి మాత్రమే చేయవలసిన ఆర్డరును రిలీజ్ చేసినప్పుడు, నమూనా సేకరించే సమయం పాతదే ఉండిపోవడం వల్ల అది నిన్నటి సేకరణ జాబితాలోకి వెళ్ళి ఎవరి కంటా పడకుండా పోయేది. అందుకే రిలీజ్ చేసే ప్రతిసారీ సేకరణ సమయాన్ని కొత్తగా అడిగేలా మార్పించుకోండి.

ఇంకొక చిక్కు విజిట్‌కు, అంటే రోగి ఒక్కో అడ్మిషన్‌కు లేదా ఓపీ రాకకు సిస్టమ్‌లో తెరిచే విడి రికార్డుకు సంబంధించినది. వార్డులో ఉండగా హోల్డ్ పెట్టిన ఆర్డరును, రోగి డిశ్చార్జి అయ్యాక ఓపీలో ఎవరో రిలీజ్ చేశారు. ఆర్డరు పాత అడ్మిషన్‌కే ముడిపడి ఉండటంతో, ప్రమాదకర స్థాయిలో ఉన్న పొటాషియం ఫలితాన్ని ల్యాబ్‌వారు రోగి లేని వార్డుకు ఫోన్ చేసి చెప్పారు. ఆ రోజు డ్యూటీలో ఉన్నవారు ఓపికగా రోగి నంబరు వెతికి పట్టుకోబట్టి గండం గడిచింది. ఇప్పుడు మా దగ్గర ఒక విజిట్‌లో హోల్డ్ పెట్టినది మరొక విజిట్‌లో రిలీజ్ కాదు, కొత్తగా రాయవలసిందే. డాక్టర్లు విసుక్కున్నారు, అయినా ఈ నియమాన్ని సడలించలేదు.

రక్తం తీసిన తరువాత హోల్డ్ అన్న మాటే ఉండకూడదు. ట్యూబులో ఉన్న రక్తానికి మన స్క్రీన్ మీది స్థితితో పని లేదు. కణాలను వేరు చేయకుండా, గ్లూకోజ్ ఖర్చు కాకుండా ఆపే పదార్థం లేని ట్యూబులో మామూలు గది ఉష్ణోగ్రత వద్ద ఉంచితే గ్లూకోజ్ గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. ఆలస్యమయ్యే కొద్దీ కణాలలోని పొటాషియం బయటికి వచ్చి లేని సమస్యను చూపిస్తుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు వాడని రోగులలో కూడా ఏపీటీటీని (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూసే పరీక్ష) సాధారణంగా 4 గంటలలోపు చేయాలి. అందుచేత నమూనా సేకరించినట్టు నమోదైన క్షణం నుంచి హోల్డ్ బటన్ పనిచేయకుండా చేయించి, పరీక్ష వద్దనుకుంటే కారణం రాసి రద్దు చేయడం, మళ్ళీ కావాలనుకుంటే ఆ నమూనా ఇంకా పనికివస్తుందో లేదో ల్యాబ్‌ను అడిగి అదనపు పరీక్షగా చేర్చడం అనే పద్ధతి పెట్టుకోండి.

ఇక్కడే మరొకటి పరీక్షించి చూడవలసి ఉంది. ఆర్డరింగ్ సిస్టమ్, ల్యాబ్ సాఫ్ట్‌వేర్ వేర్వేరు అయితే వాటి మధ్య సందేశాలు ఎక్కువగా హెచ్‌ఎల్‌7 అనే, ఆరోగ్య సాఫ్ట్‌వేర్‌ల మధ్య సమాచారం పంపే ప్రమాణ పద్ధతిలో నడుస్తాయి. అందులో ఆర్డరును ఆపమనడానికి ఒక కోడ్, ఆపినదాన్ని వదలమనడానికి మరొక కోడ్, ఆపడం కుదరదని అవతలి సిస్టమ్ బదులు చెప్పడానికి ఇంకొక కోడ్ ఉన్నాయి. ప్రమాణంలో ఉన్నంత మాత్రాన మీ రెండు సాఫ్ట్‌వేర్‌లను కలిపే ఇంటర్‌ఫేస్‌లో అవి పనిచేస్తాయని కాదు. మా ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఆపమన్న సందేశాన్ని పట్టించుకోనూ లేదు, కుదరదని బదులివ్వనూ లేదు. వార్డు స్క్రీన్‌లో హోల్డ్ అని కనిపిస్తున్న పరీక్ష ల్యాబ్ జాబితాలో మామూలుగానే ఉండటంతో, తెల్లవారుజామున ఫ్లెబాటమిస్ట్ (రక్త నమూనాలు తీసే ఉద్యోగి) వెళ్ళి రక్తం తీసుకువచ్చేవారు. ఎవరి తప్పో తేలక వార్డుకూ ల్యాబ్‌కూ మధ్య నెల రోజులు మాటామాటా నడిచింది. టెస్ట్ సిస్టమ్‌లో ఒక బూటకపు రోగిని సృష్టించి, హోల్డ్, రిలీజ్, రద్దు ఒక్కొక్కటిగా చేస్తూ రెండు స్క్రీన్లనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఈ సంగతి ఒక గంటలో బయటపడుతుంది.

నర్సుల అధికారం విషయానికి వస్తే, అడ్మిషన్ కోసమో ఉపవాసం కోసమో ఆగినవాటిని వారు రిలీజ్ చేయడమే సరైనది. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ వంటి మందులు రక్తంలో ఎంత ఉన్నాయో చూసే పరీక్షను సాధారణంగా తరువాతి డోసుకు కాస్త ముందు చేస్తారు. డోసు ఆలస్యమైతే ఆ సంగతి తెలిసేది మందు ఎక్కించే నర్సుకే కనుక ఆ పరీక్ష సమయాన్ని వెనక్కి జరిపే వీలు కూడా ఆమెకే ఉండాలి. సంతకం కోసం ఆగినవి డాక్టరు మాత్రమే తీయాలి. డబ్బు కోసం ఆగినవాటిలో బిల్లింగ్ సిబ్బంది అనుమతి వచ్చిందని గుర్తు పెట్టవచ్చు గానీ ఆర్డరును వారు కదపకూడదు, అత్యవసర పరీక్షలు ఈ హోల్డ్‌లోకి అసలు రానే కూడదు. ఒకే లాగిన్‌ను వార్డు మొత్తం వాడుకునే అలవాటు ఉంటే ముందు దాన్ని ఆపించండి, ఎవరు రిలీజ్ చేశారో తెలియని చోట ఈ హద్దులేవీ నిలవవు.

ఇప్పుడున్న కుప్పను తీయడానికి మేము పాటించిన వరుస చెబుతాను. మొదట మరణించిన రోగుల ఆర్డర్లు తీశాము; అయితే రద్దు చేసినప్పుడు రోగి ఫోనుకు దానంతటదే సందేశం వెళ్ళే ఏర్పాటు ఉంటే దాన్ని ముందుగా నిలిపివేయండి, లేకుంటే ఆ సందేశం అందుకునేది కుటుంబ సభ్యులు. తరువాత, హోల్డ్ పెట్టాక అదే పరీక్ష వేరే ఆర్డరుతో అయిపోయినవి. ఆ తరువాత, ఆసుపత్రిలో రెండు రిజిస్ట్రేషన్ నంబర్లున్న రోగుల రికార్డులు కలిపినప్పుడు పాత నంబరు కింద ఉండిపోయినవి. మిగిలినవాటిని ఆర్డరు రాసిన డాక్టర్ల వారీగా విడదీసి, ఒక్కొక్కరికి రోజుకు పదికి మించకుండా పంపాము. మొత్తం జాబితా ఒకేసారి పంపితే ఎవరూ తెరవరు.

ఇదంతా అయ్యాక గడువు పెట్టుకోవచ్చు, కాకపోతే కారణాన్ని బట్టి. మా దగ్గర అడ్మిషన్ హోల్డ్ డిశ్చార్జితో ముగుస్తుంది, అనుమతి కోసం ఆగినవాటికి 30 రోజులు, భవిష్యత్ తేదీ ఆర్డర్లకు ఆ తేదీ దాటాక మరో 30 రోజులు. గడువుకు 7 రోజుల ముందు డాక్టరుకు నోటీసు వెళ్తుంది, ముగిసినవి రద్దయినవిగా కాక గడువు తీరినవిగా కౌంటరులో కూడా కనిపిస్తాయి. ఈ అమరికను ఆన్ చేసిన మొదటి రెండు వారాలలో నోటీసులు కొన్ని ఆసుపత్రి వదిలి వెళ్ళిన డాక్టర్ల ఇన్‌బాక్సులకు చేరుతున్నట్టు గమనించి, మళ్ళీ ఆపివేసి, వారి స్థానంలో విభాగాధిపతుల పేర్లు చేర్చిన తరువాతే తిరిగి మొదలుపెట్టాము.