తాతగారి డబుల్ బ్యారెల్: సీరియల్ నంబరుతో ఏడాది తేలట్లేదంటే

మీ గుంటూరు తాతగారి హ్యామర్ గన్ (సుత్తులు బయటికి కనిపించే పాత తుపాకీ) ఏ ఏడాదిదో సీరియల్ నంబరుతో తేలట్లేదని, గొట్టాల మధ్య పట్టీ మీద మద్రాసు పేరొకటి ఉందని అడిగారు. ఆ పేరు చాలావరకు అమ్మిన కొట్టుదే, చేసినవాళ్లది కాదు. అందుకే ఆ నంబరు ఏ జాబితాలోనూ తగలట్లేదు.

అందరూ వదిలేసేది ఒకటే: గొట్టాలు విప్పి, అడుగున కొట్టిన పరీక్ష ముద్రలు చూడటం.

1. తూటాల్లేవని చూసుకుని, గొట్టాల కింద ముందువైపున్న చెక్క తీసి, గొట్టాలు విడదీయండి. లైసెన్సు మీ పేరున లేకపోతే విజయవాడలో లైసెన్సున్న డీలరు చేతే విప్పించండి.

2. తూటా గది కింది చదును భాగాన్ని నూనెగుడ్డతో తుడవండి. గరుకు కాగితం పెట్టారో, ముద్రలు పోయినట్టే. టార్చి పక్కనుంచి వేసి ఫొటో తీయండి.

3. కోడిగుడ్డు ఆకారపు ముద్రలో ఈఎల్‌జీ (ELG) అక్షరాలుంటే అది బెల్జియంలోని లీయేజ్ నగరపు ముద్ర. పైన కిరీటం కూడా ఉంటే 1893 లేదా ఆ తర్వాతది. ‘నాట్ ఫర్ బాల్’ (ఒంటి గుండుకు పనికిరాదు) అని ఉంటే ఇంగ్లండుది, 1875-1887 నాటిది.

గొట్టాల మీద మెలికల చారలు కనిపిస్తే అవి డమాస్కస్, అంటే ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి అతికి చేసిన పాతకాలపు గొట్టాలు. ఇప్పటి తూటాలు పెట్టి పేల్చొద్దు.