తమ్ముడికి చెప్పని మాట

*నాకు 53 ఏళ్లు. నాన్న పోయాక డిగ్రీతో చదువాపి ఉద్యోగంలో చేరాను. ‘నాకు చదువు మీద ధ్యాస లేదురా, నువ్వు చదువుకో’ అని చెప్పి తమ్ముణ్ని చదివించాను. వాడు పీహెచ్‌డీ చేశాడు. తర్వాతెప్పుడో నేనూ ఉద్యోగం చేస్తూనే పీజీ పూర్తి చేశాను. ఇప్పుడు పీహెచ్‌డీ చేద్దామని ఉంది. మొన్న నలుగురిలో ఆ మాటంటే, ‘ఈ వయసులో నీకెందుకన్నయ్యా’ అని వాడు నవ్వాడు. ఈ వయసులో సాధ్యమేనా? పార్ట్‌టైమా, ఫుల్‌టైమా?*

వయసు సంగతి ముందే తేల్చేద్దాం. సాధ్యమే. సంగీతం కోసం 1970లలో ఖగోళశాస్త్ర పరిశోధన వదిలేసిన గిటారిస్టు బ్రయాన్ మే, 2007లో 60 ఏళ్ల వయసులో డాక్టరేట్ అందుకున్నాడు. మీరు పార్ట్‌టైమ్ చేయండి, ఉద్యోగం మానక్కర్లేదు. కాలం కాస్త ఎక్కువ పడుతుంది, అంతే.

ఇక అసలు విషయం. మీ ఉత్తరం 4 పేజీలు. పైన వేసింది సారాంశమే. తమ్ముడి ప్రస్తావన 14 చోట్ల వచ్చింది, లెక్కపెట్టాను. దేని మీద పరిశోధన చేయాలనుకుంటున్నారో మాత్రం ఒక్కచోటా రాయలేదు.

ఆయన నవ్వు తప్పే. నలుగురిలో అన్నగారిని అలా అనకూడదు. కానీ ‘నాకు చదువు మీద ధ్యాస లేదు’ అని ఆయనకి చెప్పిందెవరు? మీరే కదా! వాడు మొహమాటపడకుండా చదువుకోవాలని ప్రేమతో ఆడిన అబద్ధం. ఆ కుర్రాడు నమ్మాడు. ఇన్నేళ్లూ నమ్ముతూనే ఉన్నాడు. చదువంటే ఇష్టం లేని అన్నయ్య ఒకరోజు పీహెచ్‌డీ అంటే తమాషాగా అనిపించదూ? మీరేమో మనసులో పద్దు రాసుకుంటూ కూర్చున్నారు. అవతలివాడికి చూపించని పద్దు ఎలా తీరుతుందండీ?

నా మాట కటువుగా ఉండొచ్చు. తమ్ముడి పేరు ముందున్న ‘డాక్టర్’ మీ పేరు ముందూ ఉండాలనే పంతంతో మొదలుపెడితే రెండో ఏడాదికే చతికిలబడతారు. మీ గైడ్ మీకంటే పదేళ్లు చిన్నవాడు కావచ్చు. మీరు ఆర్నెల్లు చెమటోడ్చి రాసిన అధ్యాయం నిండా ఎర్రగీతలు పెట్టి, ‘ఇందులో కొత్త సంగతేముంది సార్’ అంటాడు. మళ్లీ రాస్తే మళ్లీ అదే మాట. తమ్ముడి నవ్వొక్కటే ఇంత గుచ్చుకున్నవారు దాన్నెలా తట్టుకుంటారు?

ఇంగెబోర్గ్ రాపోపోర్ట్ అనే జర్మన్ వైద్యురాలు 1938లో డిఫ్తీరియా మీద థీసిస్ రాశారు. తల్లి యూదు కావడంతో నాజీలు మౌఖిక పరీక్షకు రానివ్వలేదు. 2015లో, 102 ఏళ్ల వయసులో, ఆ పరీక్ష నెగ్గి డాక్టరేట్ తీసుకున్నారు. ఆమెకి జరిగిన అన్యాయం ముందు మన అలకలెంత! అయినా పరీక్షకులు అడిగింది డిఫ్తీరియా గురించే. మధ్యలో గడిచిన దశాబ్దాల్లో ఆ జబ్బు గురించి తెలిసిందంతా చదువుకునే వెళ్లారు. రేపు వైవాలో మిమ్మల్నీ మీ విషయం గురించే అడుగుతారు. తమ్ముణ్ని చదివించినందుకు ఒక్క మార్కూ పడదు.

ఈ సంగతి ఇంట్లో మీ ఆవిడకి చెప్పారో లేదో కూడా రాయలేదు. ముందు అక్కడ చెప్పండి. సాయంత్రాలూ సెలవులూ పోయేది ఆవిడవి కూడా.

తర్వాత తమ్ముడి దగ్గరికి వెళ్లండి. పండక్కో పెళ్లికో కలిసినప్పుడు కాదు, పనిగట్టుకుని. నీకోసం ఇంత చేశానని మొదలుపెట్టకండి. ‘ఆ రోజు నీతో అబద్ధం చెప్పానురా, నాకూ చదవాలనే ఉండేది’ అనండి చాలు. ఆయన ఏడుస్తారో, కోప్పడతారో, ‘అప్పుడే ఎందుకు చెప్పలేదు’ అని నిలదీస్తారో నేను చెప్పలేను. ఆ కోపానికి ఆయనకి హక్కుంది.

ఇంటికొచ్చాక ఒక తెల్లకాగితం తీసుకుని, మీరు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో రాయండి. తమ్ముడి ఊసు లేకుండా ఒక పేజీ నిండితే గైడ్‌ని వెతుక్కోండి. నిండకపోతే అప్లికేషన్ ఇంకో ఏడాది ఆగినా ఫర్వాలేదు.