అమ్మ నాటకం ఆడితే పరువు పోతుందా?

ప్రశ్న: మాది మైదుకూరు దగ్గర పల్లె. నేను కడపలో ప్రైవేటు ఉద్యోగం చేస్తూ భార్యాపిల్లలతో అక్కడే ఉంటున్నాను. ఊళ్లో ఉన్న అమ్మకు వితంతు పింఛను వస్తుంది. పింఛను కోసం పడిన పాట్లను ఊరి ఆడవాళ్లు కొందరు కలిసి నాటకంగా ఆడబోతున్నారు. అందులో అమ్మ కథ అమ్మే ఆడుతుంది. ‘కొడుకున్నాడు కదా, నీకెందుకమ్మా పింఛను?’ అని ఒకామె అడిగే ఘట్టం ఉందట. బంధువులు నవ్వుతున్నారు. వద్దన్నందుకు అమ్మ నాతో మాట్లాడటం లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు నాటకం ఆపించే ప్రయత్నం మానుకోండి. ఆ మాట మీ అమ్మగారు కల్పించింది కాదు, ఎక్కడో పడిన మాట. దానికి ఆమె ఏమని బదులిస్తారో మీరు రాయలేదు. రిహార్సల్ చూడకుండానే వద్దన్నారని నాకు అనుమానం.

పసుపు తవ్వి, కొమ్ములు విరిచి గీతలరిగిన బొటనవేలిని పింఛనిచ్చేటప్పుడు వేలిముద్ర యంత్రం మీద పెట్టడం, పడలేదంటే కొంగుతో తుడిచి మళ్లీ పెట్టడం... ఇది ఆ వయసు కూలి మనుషులు చాలామంది ఎరిగిందే. ఒంటరిగా పడితే అవమానం. పదిమంది కూర్చుని ‘నాకూ ఇంతే’ అనుకుంటే అది ఊరి సమస్య. బ్రెజిల్ రంగస్థల దర్శకుడు అగస్తో బోవాల్ 1970లలో రూపొందించిన పద్ధతిలోనైతే ప్రేక్షకులే నాటకం ఆపి, పాత్రధారి స్థానంలోకి వచ్చి మరో దారి ఆడి చూపిస్తారు. వేలిముద్ర పడకపోతే కనుపాపతో సరిచూడమని అడగవచ్చన్న సంగతి అలాంటి చోట ఒక్కరు చెబితే ఊరంతటికీ తెలుస్తుంది.

ఇక మీరు రాయని భయం ఒకటుందేమో. పల్లెల్లో కుటుంబ ఆదాయం నెలకు 10,000 రూపాయలు దాటితే పింఛనుకు అర్హత ఉండదు. మీ పేరు ఇంకా అమ్మగారి బియ్యం కార్డులోనే ఉంటే, మీ జీతమూ ఆ లెక్కలోకి వచ్చి, నాటకంతో పనిలేకుండానే చిక్కు రావచ్చు. గ్రామ సచివాలయంలో అడిగి సరిచేసుకోండి. నాటకం ఆడినందుకు పింఛను తీసేయాలని ఏ నిబంధనా లేదు. నెలనెలా ఇంటికొచ్చే 4,000 ఆమె చేతి డబ్బు. మీరు పంపేదానికి అది పోటీ కాదు.

మీకు అడిగే హక్కు అసలే లేదని అనను. వీడియో తీస్తారా, తీస్తే ఎవరి ఫోన్లకు వెళుతుంది, అసలు పేర్లు వాడతారా, చివరి నిమిషంలో ఇష్టం లేకపోతే తప్పుకోవచ్చా అన్నవి నిర్వాహకులను అడగండి. నలుగురి అనుభవాలు కలిపి ఒక పాత్ర చేస్తే ఎవరి ఇల్లూ బయటపడదు. అయితే అలా చేయాలో, తన కథ తన పేరుతోనే చెప్పుకోవాలో తేల్చుకోవలసింది మీ అమ్మగారు.

ఈ ఆదివారం ఊరికి వెళ్లండి. క్షమాపణలూ వివరణలూ తర్వాత చూసుకోవచ్చు, ముందు రిహార్సల్ చూస్తానని అడగండి. ఆమె ఒప్పుకుంటే వెనక కూర్చుని చూడండి, సలహాలు మాత్రం ఇవ్వకండి. కొడుకు పాత్రకు మనిషి దొరకలేదని వాళ్లే అడిగితే అప్పుడు వేయండి. నవ్వే బంధువులకు నాటకం ఎప్పుడో, ఎక్కడో చెప్పి రమ్మనండి.