గ్రానైట్‌ను గ్రానైట్ కన్నా గట్టి రాయితోనే!

ప్రశ్న: ప్రాచీన ఈజిప్టువాళ్ల దగ్గరున్నవి రాగి, కంచు పనిముట్లే కదా, అంతంత గ్రానైట్ ఒబెలిస్కులను (ఒకే రాతిలో చెక్కిన, కొన తేలిన నిలువు స్తంభాలను) కొండ నుంచి ఎలా విడదీశారు? కొయ్య మేకులు దిగ్గొట్టి, నీళ్లు పోసి ఉబ్బించి రాయిని చీల్చారంటారు. నిజమేనా?

జవాబు: రాగి ఉలితో గ్రానైట్‌ను కొడితే ఉలే మొద్దుబారుతుంది. అందుకే డోలరైట్ అనే గట్టి నల్లరాతి గుండ్లను రెండు చేతులా పట్టుకుని దంచేవారు. గ్రానైట్ పెచ్చులుగా లేవదు, పిండిగా రాలుతుంది. ఆ పిండిని ఎప్పటికప్పుడు ఊడ్చేయాలి, లేకపోతే దెబ్బ మెత్తబడుతుంది. దక్షిణ ఈజిప్టులోని అస్వాన్ రాతిగనిలో ఎంగెల్‌బాక్ అనే ఇంజనీరు తానే గుండు పట్టి చూశారు. గంటసేపు దంచితే జానెడు చోట దిగింది 5 మిల్లీమీటర్లు!

ముందు ఎండకు వానకు చెడిన పైపొర తీసి మట్టం చేస్తారు. తర్వాత ఒబెలిస్కు చుట్టూ మనిషి కూర్చుని పనిచేసేటంత, అంటే 75 సెంటీమీటర్ల వెడల్పున కందకం. దాని గోడకు ఎర్రమట్టితో గీసిన గీతలే లోతుకు కొలత. చివరగా రెండు పక్కల నుంచీ అడుగుభాగాన్ని తొలవాలి. అసలు గండం అదే.

అస్వాన్‌లో ఈనాటికీ కొండను అంటిపెట్టుకుని ఉన్న ఒబెలిస్కు పొడవు సుమారు 42 మీటర్లు, లేచి ఉంటే బరువు 1,100 టన్నుల పైమాటే. పని సాగుతుండగా బీటలు బయటపడ్డాయి. కొలత తగ్గించి చిన్న ఒబెలిస్కైనా తీద్దామని మళ్లీ గీతలు గీశారు. అదీ కుదరలేదు. లోపలి బీట పైకి కనబడదు, దంచుకుంటూ పోతేనే తెలుస్తుంది.

ఇక కొయ్య మేకుల మాట. అక్కడ కనిపించే మేకు గుంతల్లో చాలావరకు ఇనుము వచ్చాక తొలిచినవి. పైగా అంత పొడవాటి రాయిని మేకులతో చీలిస్తే మధ్యకు విరిగే ప్రమాదం ఎక్కువ.

ప్రశ్న: నిలబెట్టేటప్పుడు దిమ్మె మీద నుంచి జారిపోదా?

జవాబు: దిమ్మె పైముఖాన ఒక అంచు వెంట గాడి తొలిచేవారు. ఒబెలిస్కు అడుగంచు అందులో పడి, దాని ఆధారంగానే రాయి పైకి లేస్తుంది. ఏటవాలు కట్ట మీద నుంచి దించారా, ఇసుక నింపిన గోతిలోంచి ఇసుక తీస్తూ దించారా అన్నదానిపై పండితులకే ఏకాభిప్రాయం లేదు. గాడిలో వంకరగా పడితే మాత్రం సర్దడం అసాధ్యం. ఈజిప్టులోని కర్నాక్ ఆలయంలో హత్‌షెప్సుత్ రాణి నిలబెట్టిన ఒబెలిస్కు, 320 టన్నులు పైబడినది, దిమ్మెకు సరిగ్గా సూటిగా లేకుండా కాస్త పక్కకు తిరిగే నిలబడింది.