టెక్ సందేహాలు: 4,999 రూపాయల గేమ్, 307 రూపాయల కూలి

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గేముల గురించే. మొదటి ఉత్తరానికి కొంచెం ఎక్కువ చోటు ఇస్తున్నాను. అందులో అడిగింది ఒక్క కుర్రాడి సంగతి కాదు.

ప్రశ్న: సార్, మాది గుంతకల్లు. డిగ్రీ రెండో ఏడాది. నాన్న ఆటో నడుపుతారు. నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది, గ్రాఫిక్స్ కార్డ్ లేదు. కొత్తగా వచ్చిన గేమ్ 4,999 రూపాయలు చూపిస్తోంది. ఫ్రెండ్ క్రాక్ చేసిన గేమ్‌ను, అంటే కొనకుండానే నడిచేలా లాక్ తీసేసిన కాపీని, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇస్తానంటున్నాడు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు యాంటీవైరస్ ఆఫ్ చేయాలట. ఇది తప్పా? రిస్కా?

తమ్ముడూ, ముందు ఆ 4,999 సంగతి చూద్దాం. నిన్ను దొంగ అని ఒక్క మాటలో తీసిపారేసేవాళ్లు ఈ లెక్క వేయరు. ఇలాంటి పెద్ద గేమ్ అమెరికాలో 70 డాలర్లు. అక్కడ ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, 2009 నుంచి అదే. అంటే అందరికన్నా తక్కువ జీతం తీసుకునేవాడికి కూడా అది పది గంటల పని. మన రాష్ట్రంలో 2025-26 ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ఆ కూలితో ఈ గేమ్ కొనాలంటే 16 రోజులకు పైగా ఎండలో మట్టి తవ్వాలి, అదీ ఒక్క రూపాయి ఇంట్లో ఖర్చు పెట్టకుండా. డాలర్లను రూపాయల్లోకి మార్చి చూస్తే మన దగ్గర ధర కొంచెం తక్కువే. మోయాల్సిన బరువే వేరు.

ఇది కొత్తగా తెలిసిన విషయమేమీ కాదు. బ్రెజిల్, రష్యా, దక్షిణాఫ్రికా, ఇండియా లాంటి దేశాల్లో పైరసీ మీద అమెరికాకు చెందిన సోషల్ సైన్స్ రీసెర్చ్ కౌన్సిల్ 2011లోనే పెద్ద నివేదిక ఇచ్చింది. ఎక్కువ ధరలు, తక్కువ ఆదాయాలు, చవకైన టెక్నాలజీ, ఈ మూడూ కలిసిన చోట పైరసీ పుడుతుందని అందులో తేల్చారు. జనం నీతి తప్పడం వల్ల అని రాయలేదు. అదే ఏడాది, కంప్యూటర్ గేములు ఆన్‌లైన్‌లో అమ్మే స్టీమ్ అనే స్టోర్‌ను నడిపే వాల్వ్ కంపెనీ అధిపతి గేబ్ న్యూవెల్ ఇంకో మాట అన్నారు. పైరసీ చాలావరకు ధర సమస్య కాదట, సర్వీస్ సమస్యట. దొంగ కాపీ ఇచ్చేవాడి దగ్గర దొరికినంత సులువుగా అసలుది దొరకాలని ఆయన ఉద్దేశం. నాకైతే ఆ మాటలో సగమే నిజం కనిపిస్తుంది. గుంతకల్లులో ధరా సమస్యే, సర్వీసూ సమస్యే. రోజుకు 1.5 జీబీ ప్యాక్ మీద 60 జీబీ గేమ్ దించుకోవాలంటే 40 రోజులు పడుతుంది, ఆ 40 రోజులూ ఫోన్‌లో ఇంకేమీ చూడకుండా ఉంటే. పెన్‌డ్రైవ్ ఎందుకు గెలుస్తోందో అక్కడే తెలిసిపోతుంది.

నేను చదువుకునే రోజుల్లో అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఒక చిన్న సీడీ షాపు ఉండేది. సీడీ మీద స్కెచ్ పెన్‌తో గేమ్ పేరు, కాగితం కవరు వెనక సీరియల్ నంబరు. ఎనిమిదో, బీయో అర్థం కాక రెండూ కొట్టి చూసేవాళ్లం. రెండో సీడీ 87 శాతం దగ్గర ఆగిపోతే చొక్కా అంచుతో తుడిచి, ఊది, మళ్లీ పెట్టేవాళ్లం. అసలు సీడీ కొందామన్నా అమ్మే షాపు ఊళ్లో నాకు తెలిసి లేదు. ఆ వయసులో నాకు ఆట అంటే పిచ్చి. దాన్ని ఎవరో రాత్రింబవళ్లు కూర్చుని తయారు చేసి ఉంటారన్న ఆలోచన మాత్రం ఒక్కసారీ రాలేదు.

పోలండ్‌లోనూ ఒకప్పుడు ఇదే పరిస్థితి. వార్సా కంప్యూటర్ బజారులో గేమ్ సీడీలు అమ్ముతూ మొదలైన ఇద్దరు కుర్రాళ్లు 1994లో సీడీ ప్రాజెక్ట్ అనే కంపెనీ పెట్టారు. 1999లో వాళ్లు బాల్డర్స్ గేట్ అనే గేమ్‌ను పూర్తిగా పోలిష్ భాషలోకి మార్చి, పెట్టెలో ఐదు సీడీలతో పాటు మ్యాపు, రూల్ బుక్, పాటల సీడీ కూడా పెట్టి అమ్మారు. ఐదు సీడీలు కాపీ కొట్టాలంటే దొంగ వ్యాపారికీ ఖర్చే కదా. అందుకే వాళ్ల ధర అతని ధరతో పోటీ పడగలిగింది. మొదటి రోజే 18 వేల కాపీలు అమ్ముడుపోయాయి. జనం కొనరని అందరూ అనుకున్న దేశమే అది. తమ భాషలో, తమ జేబుకు తగ్గట్టు ఇస్తే కొన్నారు. ఆ కంపెనీయే తర్వాత విచర్, సైబర్‌పంక్ 2077 అనే పెద్ద గేములు తీసింది. తెలుగులో ఒక పెద్ద గేమ్‌ను ఇంత శ్రద్ధగా పెట్టెలో పెట్టి ఇచ్చే రోజు ఎప్పుడొస్తుందా అని నేను నిజంగా ఎదురుచూస్తున్నాను.

ఇక నువ్వు అడిగినదానికి వస్తా. తప్పేనా అంటే తప్పే. కాపీరైట్ చట్టం 63బీ సెక్షన్ ప్రకారం, తెలిసి తెలిసి దొంగ సాఫ్ట్‌వేర్ వాడితే వారం రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉండొచ్చు. వ్యాపారం కోసం కాకుండా సొంతానికి వాడుకున్నవాడికి జైలు వేయకుండా 50 వేల లోపు జరిమానాతో వదిలే వీలు కోర్టుకు ఉంది. రిస్కు ఎలాంటిదో కింద ప్రొద్దుటూరు అమ్మ రాసిన ఉత్తరం చదివితే తెలుస్తుంది. యాంటీవైరస్ ఆపమని అడిగే ఏ ఫైలునూ ముట్టుకోవద్దు.

ఇంకో మాట. గ్రాఫిక్స్ కార్డ్ లేని నీ ల్యాప్‌టాప్‌లో ఆ 4,999 గేమ్ ఎలాగూ సరిగా నడవదు. డబ్బు పెట్టి కొన్నా నడవదు, క్రాక్ చేసినా నడవదు. స్టార్‌డ్యూ వ్యాలీ, హాలో నైట్ లాంటివి మాత్రం హాయిగా నడుస్తాయి. స్టార్‌డ్యూ వ్యాలీని ఎరిక్ బరోన్ అనే ఒకే ఒక్క మనిషి, థియేటర్‌లో పార్ట్‌టైమ్ పని చేసుకుంటూ నాలుగేళ్లకు పైగా కూర్చుని తీశాడు. 2016లో వచ్చింది. బొమ్మలు, పాటలు, కోడు అన్నీ అతనివే. అమెరికాలో 15 డాలర్లు, స్టీమ్‌లో మన దగ్గర 500 లోపే. 2015 నవంబరు నుంచి స్టీమ్ మనకు రూపాయల్లో ధర చూపిస్తోంది కాబట్టి ఇలాంటి తేడా దొరుకుతోంది. నచ్చిన గేమ్‌ను విష్‌లిస్ట్‌లో పెట్టుకుంటే తగ్గింపు రాగానే మెయిల్ వస్తుంది. యూపీఐతో కట్టొచ్చు. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి ఇస్తారు. నీ ల్యాప్‌టాప్‌లో నడుస్తుందో లేదో చూసుకోవడానికి ఆ రెండు గంటలు చాలు.

పైసా పెట్టకుండా ఆడాలంటే ఎపిక్ గేమ్స్ స్టోర్ ఉంది. 2018 డిసెంబరు నుంచి ఉచిత గేములు ఇస్తూనే ఉన్నారు, ఇప్పుడైతే వారం వారం. ఆ వారంలో క్లెయిమ్ కొడితే ఎప్పటికీ నీదే. 2020 మేలో జీటీఏ 5 ఇచ్చినప్పుడు జనం తాకిడికి సైటే కాసేపు పడిపోయింది. డేటా టెన్షన్‌కూ దారి ఉంది. నీ ఫ్రెండ్ దగ్గర అదే గేమ్ స్టీమ్‌లో ఉంటే, ఇద్దరూ ఒకే వైఫైకి కనెక్టయితే అతని కంప్యూటర్ నుంచి నీ దానికి ఫైళ్లు నేరుగా కాపీ అవుతాయి, నెట్ డేటా దాదాపు ఖర్చవదు. 2023 నుంచి ఈ సౌకర్యం ఉంది. గేమ్ మాత్రం నీ అకౌంట్‌లో కొని ఉండాలి.

ప్రశ్న: సార్, మాది ప్రొద్దుటూరు. మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. ఏదో సైటు నుంచి గేమ్ వేసుకున్నాడు. అప్పటి నుంచి ల్యాప్‌టాప్ ఊరికే పెట్టినా ఫ్యాన్ గోల చేస్తోంది, అడుగు భాగం ముట్టుకోలేనంత వేడి. కింద సెక్యూరిటీ గుర్తుకు పచ్చ టిక్కు మాత్రం కనిపిస్తోంది, దాని మీద నొక్కితే ఏదీ తెరుచుకోవడం లేదు. వాణ్ని బాగా తిట్టాను. ఏం చేయమంటారు?

అమ్మా, పిల్లాణ్ని ఇంక తిట్టకండి. వాడు భయపడి దాచిపెడితే నష్టం పెరుగుతుంది. ఏం నొక్కాడో, ఎక్కడెక్కడ పాస్‌వర్డ్ కొట్టాడో నెమ్మదిగా అడిగి రాసుకోండి.

మీరు చెప్పిన ఆ పచ్చ టిక్కే నాకు అనుమానం తెప్పిస్తోంది. 2021లో యాంటీవైరస్ తయారుచేసే అవాస్ట్ కంపెనీ క్రాకొనోష్ అనే మాల్‌వేర్‌ను, అంటే హాని చేసే ప్రోగ్రామ్‌ను, బయటపెట్టింది. క్రాక్ చేసిన జీటీఏ 5 లాంటి గేముల్లో దాన్ని దాచి పంచారు. అది విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌ను తీసేసి, దాని స్థానంలో పచ్చ టిక్కు ఉన్న దొంగ గుర్తు పెడుతుంది. లోపల మీ కరెంటుతో, మీ ప్రాసెసర్‌తో మొనెరో అనే క్రిప్టో కరెన్సీని ఎవడి కోసమో తవ్వుతూ ఉంటుంది. ప్రపంచంలో 2 లక్షలకు పైగా కంప్యూటర్లకు ఇది సోకింది, ఎక్కువగా సోకిన దేశాల్లో ఇండియా ఒకటి. మీ ఇంట్లోది అదేనని చూడకుండా చెప్పలేను కానీ లక్షణాలు ఆ జాతివే. కంప్యూటర్‌లో ఏమేం నడుస్తున్నాయో చూపించే టాస్క్ మేనేజర్ తెరవగానే పని ఆపేసేలా కూడా కొన్నిటిని రాస్తారు. అందుకే అందులో ఏమీ కనిపించకపోయినా నమ్మొద్దు.

ముందు నెట్ తీసేయండి. మీ ఫోన్ నుంచి, ల్యాప్‌టాప్ నుంచి కాదు, మెయిల్ పాస్‌వర్డ్, ఆ తర్వాత బ్యాంకు పాస్‌వర్డ్ మార్చండి. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లన్నీ దొంగల చేతికి పోయినట్టే లెక్క. ఫొటోలు, పిల్లాడి నోట్సు మాత్రం పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి, ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు ఒక్కటి కూడా వద్దు. తర్వాత వేరే మంచి కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైటు నుంచి విండోస్‌ను ఇంకో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి దించి, డిస్క్ మొత్తం చెరిపేసి కొత్తగా వేయండి. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన ఒరిజినల్ విండోస్ అయితే మళ్లీ కొనక్కర్లేదు, నెట్ పెట్టగానే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. షాపులో వేయిస్తే పక్కన నిలబడి చూడండి, క్రాక్ విండోస్ వేస్తే కథ మొదటికొస్తుంది. ఖాతాలో డబ్బు పోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: బీజీఎంఐ మొబైల్ గేమ్‌లో అన్‌లిమిటెడ్ యూసీ (ఆ గేమ్ కరెన్సీ) ఇచ్చే మోడ్ ఏపీకే (మార్చేసిన యాప్ ఫైలు) ఉందంటున్నారు, నిజమేనా? (పులివెందుల)

కాదు. నీ యూసీ లెక్క కంపెనీ సర్వర్‌లో ఉంటుంది, ఫోన్‌లో ఉండదు. ఫోన్‌లోని యాప్‌ను ఎంత మార్చినా ఆ అంకె మారదు. పోయేది నీ అకౌంటే.

ప్రశ్న: వీపీఎన్ (వేరే దేశం నుంచి నెట్ వాడుతున్నట్టు చూపించే యాప్) పెట్టి అర్జెంటీనాలోని తక్కువ ధరకు స్టీమ్‌లో గేములు కొనొచ్చా? (ఆదోని)

ఆ దారి మూసుకుపోయింది. 2023 నవంబరులో అర్జెంటీనా, టర్కీ రెండిటికీ స్టీమ్ ధరలు డాలర్లలోకి మార్చేసింది. అక్కడి కరెన్సీల విలువ నిలకడగా లేకపోవడం దానికి ముఖ్య కారణం. ఎక్కువ నష్టపోయింది అక్కడి మామూలు కుర్రాళ్లే. పైగా వీపీఎన్‌తో దేశం మార్చి కొనడం స్టీమ్ నిబంధనలకు విరుద్ధం, కొన్న గేములన్నీ ఉన్న అకౌంట్‌కే ముప్పు.

ప్రశ్న: కర్నూలులో పది సిస్టమ్‌లతో గేమింగ్ సెంటర్ పెడుతున్నాను. ఒక్క కాపీ కొని అన్నిటిలో వేయొచ్చా? గంటకు 40 రూపాయలు తీసుకోవాలని ఉంది.

వేయకూడదు అన్నా. మామూలు స్టీమ్ అకౌంట్ సొంత వాడకానికి మాత్రమే. పైన చెప్పిన 63బీలోని సడలింపు కూడా నీకు వర్తించదు, ఎందుకంటే నువ్వు దాని మీద డబ్బు తీసుకుంటున్నావు. సెంటర్ల కోసం స్టీమ్‌కు పీసీ కేఫ్ ప్రోగ్రామ్ అని వేరేగా ఉంది, అందులో చేరు. మొదట డోటా 2, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి ఉచిత గేములతో తలుపు తెరువు. పిల్లలు వాళ్ల వాళ్ల అకౌంట్లతో లాగిన్ అయి ఆడుకుంటారు, వెళ్లేటప్పుడు లాగౌట్ అయ్యారో లేదో చూసుకో. ఏ గేములకు ఎక్కువ మంది అడుగుతున్నారో రెండు నెలలు నోటుబుక్కులో రాసుకుని, వాటికే లైసెన్సు తీసుకో. గంటకు 40 అంటే, 4,999 పెట్టలేని కుర్రాడు కూడా శనివారం వచ్చి ఆడి వెళ్లగలిగే ధర అది. దాన్ని పెంచకుండా నడపగలిగితే నడుపు.